చలి ఒక్కటే చంపదు: మందను, మడిని, మనిషిని కాపాడుకునే పాఠం

పుష్యమాసంలో పూసలు గుచ్చేంత పొద్దుండదని పెద్దల మాట. పొద్దు తగ్గిందని రైతుకు పని తగ్గదు. ఆ కొద్దిపాటి ఎండలోనే వడ్లు ఆరబెట్టాలి, యాసంగి తుకం పోయాలి, మిగిలిన పత్తి ఏరాలి, మందను మేపుకొని పొద్దుగూకే లోపు దొడ్డికి తోలాలి. ఇన్ని పనుల నడుమ చలికి ముందుగా సిద్ధం కావాలన్న ఆలోచనే రాదు. వానాకాలం వస్తున్నదంటే ఇంటి కప్పు సర్దుకుంటాం. ఎండాకాలం వస్తున్నదంటే బాయిలో పూడిక తీస్తాం. చలికాలానికి మాత్రం గొంగడి దులిపి కప్పుకొని ఊరుకుంటాం.

మన పాలకుర్తి, జనగామ పల్లెల్లో గాని, మహబూబాబాద్ తండాల్లో గాని, భూపాలపల్లి అడవి అంచు ఊళ్లలో గాని హిమాలయాల్లో లాగా మంచు గడ్డ కట్టదు. అందుకే చలిని ఎవరూ ఆపదగా లెక్క కట్టరు. కానీ ఒక్క రాత్రిలో పది గొర్రెలు పోయిన ఇంటికి, ఎర్రబడి చచ్చిన నారుమడికి మళ్లీ విత్తనం కొన్న రైతుకు అది ఆపద కాక మరేమిటి?

ఈ వారం పాఠంలో ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటే. చలి ఒక్కటే చంపదు. చలికి తడి, గాలి, ఆకలి తోడైనప్పుడే ప్రాణం పోతుంది. చలిని ఆపడం మన చేతిలో లేదు. మిగిలిన మూడింటిని చాలావరకు ఆపుకోవచ్చు. అది కూడా ఒక్క ఇల్లు కాకుండా ఊరంతా కలిస్తే తక్కువ ఖర్చుతో అవుతుంది.

2018 డిసెంబర్ నేర్పిన పాఠం

2018 డిసెంబర్ 17న ‘పెథాయ్’ తుపాను తూర్పు గోదావరి జిల్లా కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. పాలకుర్తికి ఆ తీరం సుమారు 300 కిలోమీటర్ల దూరం. అయినా ఆ రోజుల్లో తెలంగాణ పల్లెల మీద మబ్బు కమ్మింది. ఎండ పొడ లేదు. ఆగి ఆగి జల్లు, దానికి తోడు ఈడ్చి కొట్టే గాలి. పలుచోట్ల గొర్రెలు, మేకలు చలికి తట్టుకోలేక చనిపోయాయి. కల్లాల్లో ఉన్న వడ్లు తడిశాయి.

అంతకు ఏడాదిన్నర ముందే, 2017 జూన్‌లో, గొర్రెల పంపిణీ పథకం మొదలైంది. ఒక్కో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు. యూనిట్ ధర 1,25,000 రూపాయలు కాగా, అందులో గొల్ల కురుమ కుటుంబం కట్టిన వాటా 31,250 రూపాయలు. చాలా జీవాలు పక్క రాష్ట్రాల నుంచి వచ్చినవి. కొత్త చోటు, కొత్త మేత, కొత్త చలి. పైగా నెల్లూరు జాతి గొర్రెకు ఒంటి మీద ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే. మన దక్కనీ నల్ల గొర్రెకు ఉన్నట్టు ఉన్ని కోటు దానికి లేదు. ఒకే గాలికి, ఒకే జల్లుకు రెండు జాతులూ ఒకే తీరుగా తట్టుకోలేవు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటున్నది. మబ్బు పట్టిన రాత్రి ఉష్ణోగ్రత మామూలుగా మరీ దిగజారదు. భూమి వేడిని మబ్బు దుప్పటిలాగా కప్పి ఉంచుతుంది. ఆకాశం తేటగా ఉన్న రాత్రే థర్మామీటరు బాగా పడిపోతుంది. మరి మబ్బు రోజుల్లో జీవాలు ఎందుకు చచ్చాయి? ఒళ్లు తడిసింది, గాలి తగిలింది, వానకు బయటికి తోలక కడుపు ఖాళీగా ఉన్నది. మూడూ ఒకేసారి కలిశాయి.

పొడి చలి వేరు, తడి చలి వేరు

రైతు ముందుగా ఈ రెండింటినీ విడిగా గుర్తు పట్టాలి. ఎందుకంటే రెండింటికీ చేయాల్సిన పని వేరు.

పొడి చలి: ఆకాశం తేటగా ఉంటుంది, పగలు ఎండ కాస్తుంది, ఉత్తరం నుంచి పొడిగాలి వీస్తుంది. తెల్లవారుజామున ఇగం పెడుతుంది. చల్లగాలి బరువైనది కాబట్టి పల్లానికి జారి చెరువు కింది మడుల్లో, లోతట్టు పొలాల్లో నిలుస్తుంది. అందుకే గడ్డ మీది చేను కన్నా చెరువు కింది నారుమడికే దెబ్బ ఎక్కువ. ఈ చలితో నారుకు, పసిపిల్లలకు, ముసలివాళ్లకు ముప్పు.

తడి చలి: బంగాళాఖాతంలో వాయుగుండమో తుపానో ఉన్నప్పుడు వచ్చేది. రాత్రికీ పగటికీ పెద్ద తేడా ఉండదు. జల్లు, గాలి వదలవు. జీవాలకు, దూడలకు, కోడిపిల్లలకు, కల్లంలోని ధాన్యానికి ఇది ముప్పు. తుపాను వెళ్లిపోయాక మబ్బు విరిగి ఉత్తరపు గాలి తిరిగితే తడి చలి వెనకే పొడి చలి కూడా వస్తుంది. వాన తగ్గిందని ఊపిరి పీల్చుకునే ఆ రాత్రే జాగ్రత్త ఎక్కువ కావాలి.

రేడియోలో, టీవీలో ‘శీతల గాలులు’ అంటారు కదా, దానికి వాతావరణ శాఖ లెక్క ఇది. మైదాన ప్రాంతంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు గాని అంతకన్నా కిందికి గాని దిగి, అది ఆ రోజులకు మామూలుగా ఉండేదాని కన్నా 4.5 నుంచి 6.4 డిగ్రీల వరకు తక్కువైతే శీతల గాలులు. 6.4 డిగ్రీలకు మించి తగ్గితే తీవ్ర శీతల గాలులు. మామూలు ఎంతైనా సరే, కనిష్ఠం 4 డిగ్రీలకు దిగితే శీతల గాలులే, 2 డిగ్రీలకు దిగితే తీవ్రమే. ఈ లెక్కలో తడి లేదు, గాలి వేగం లేదు. కాబట్టి శీతల గాలుల హెచ్చరిక రాలేదు గదా అని వాన కురిసే చలి రోజున నిశ్చింతగా కూర్చోవద్దు.

కడుపే పొయ్యి

గొర్రె ఒంటి వేడి సుమారు 102, 103 డిగ్రీల ఫారన్‌హీట్. ఆ వేడిని అది ఎక్కడి నుంచి తెచ్చుకుంటుంది? మేసిన గడ్డి పెద్ద కడుపులో పులిసేటప్పుడు వేడి పుడుతుంది. అంటే జీవానికి కడుపే పొయ్యి, గడ్డే కట్టె. కట్టె లేని పొయ్యి ఆరిపోయినట్టే, మేత లేని జీవం రాత్రికి చల్లబడుతుంది. ఒంటి వెంట్రుకల నడుమ నిలిచిన గాలి వేడిని బయటికి పోనీయదు. తడిస్తే ఆ రక్షణ పోతుంది. గాలి వీస్తే మిగిలిన వేడిని కూడా ఊడ్చుకుపోతుంది.

మంద మీద బతికే మంగోలియా దేశంలో ఈ సంగతి పిల్లలకు కూడా తెలుసు. ఎండకాలం గడ్డి సరిగా మొలవక, వెనకనే గట్టి చలికాలం వస్తే దాన్ని అక్కడ ‘జూద్’ అంటారు. 2009-10 చలికాలంలో అట్లాంటి జూద్‌లో 80 లక్షలకు పైగా జీవాలు చనిపోయాయి. మన చలికి ఆ చలితో పోలిక లేదు. కానీ సూత్రం ఒకటే: చలికాలంలోకి బక్కచిక్కి అడుగుపెట్టిన జీవమే ముందు పోతుంది. మంద ఎట్లున్నదో దీపావళి నాడే చూసుకోవాలి. సంక్రాంతి నాడు చూస్తే ఆలస్యం.

గొర్రెలు, మేకలు: చేయాల్సిన పనులు

దొడ్డి: పెద్ద జీవానికి సుమారు 10 చదరపు అడుగుల చోటు కావాలి. 21 జీవాలకు 210 చదరపు అడుగులు, అంటే దాదాపు 14 అడుగులకు 15 అడుగుల కొట్టం. కొత్తది కట్టే స్తోమత లేకపోతే ఉన్న దొడ్డికే ఉత్తరం, తూర్పు వైపుల యూరియా సంచులు కుట్టిన పట్టాలో, తాటి కమ్మలో, కంది కట్టెల దడో కట్టండి. దక్షిణం వైపు తెరిచి ఉంచితే పగటి ఎండ లోపల పడుతుంది. దడి పైభాగాన జానెడు సందు వదలాలి. పూర్తిగా మూసేస్తే మూత్రపు ఘాటు నిలిచి జీవాలకు ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంటుంది.

నేల: కింద తడి ఉంటే పైన ఎంత కప్పినా లాభం లేదు. పేడ, పెంటికలు రోజూ ఊడ్చి, ఎండు వరిగడ్డి గాని ఊక గాని పరవండి. తడిసినది తీసి కొత్తది వేయండి. దొడ్డి చుట్టూ నీళ్లు పోయేటట్టు చిన్న కాలువ తీయండి.

మేత: వానకు బయటికి తోలలేని నాలుగు రోజులకు మేత ముందే దాచాలి. జీవానికి రోజుకు కిలో ఎండుమేత చొప్పున 21 జీవాలకు నాలుగు రోజులకు సుమారు 85 కిలోలు. వేరుశనగ కట్టె, కంది పొట్టు, పెసర కట్టె, శనగ పొట్టు ఏదైనా సరే, తడవకుండా అటక మీద ఉంచండి. చూడి గొర్రెలకు, పాలిచ్చే తల్లులకు రోజుకు 150 నుంచి 200 గ్రాముల దాణా అదనంగా పెట్టండి. సాయంత్రం మేత కాస్త ఎక్కువ వేస్తే రాత్రంతా కడుపులో వేడి ఉంటుంది. దాణా, గింజలు మాత్రం ఒక్కసారిగా పెంచవద్దు. కల్లంలో తడిసిన వడ్ల మీద మంద పడితే కడుపుబ్బి చావడం కూడా చూస్తుంటాం.

మేపు: మంచు ఆరి, ఎండ వచ్చిన తర్వాతనే మందను విడవండి. పొద్దున తొమ్మిది, పది గంటల దాకా ఆగినా నష్టం లేదు. పొద్దుగూకక ముందే తిరిగి తోలుకురండి. చెరువు శిఖంలో మేసే జీవాలకు కార్జపు జలగ పడుతుంది. పశువైద్యుణ్ణి అడిగి చలికాలానికి ముందే మందు తాగించండి. పారుడు రోగం టీకా, ఊళ్లో ఆ యేడు వేయాల్సిన మిగతా టీకాలు కూడా ముందే వేయించండి. చలి ముదిరిన రోజుల్లో ఉన్ని కత్తిరించవద్దు.

పిల్లలు: ఈనిన వెంటనే పిల్లను పొడిబట్టతో తుడిచి, బొడ్డుకు టింక్చర్ అయోడిన్ అద్ది, గంటలోపు జున్నుపాలు తాగించాలి. రాత్రి పూట పిల్లలను గడ్డి పరిచిన గంపల కింద ఉంచే మన పాత అలవాటు మంచిదే, గాలి ఆడేటట్టు చూసుకుంటే చాలు. చల్లబడి తల వాల్చిన పిల్ల నోట్లో పాలు పోయకండి. పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి చస్తుంది. ముందు తుడిచి, గొంగడిలో చుట్టి, వెచ్చ చేయాలి. తల నిలబెట్టిన తర్వాతనే పాలు పట్టాలి.

చేలల్లో మంద కట్టేవాళ్లకు ఒక మాట. ఎరువు కోసం పొలంలో మంద పెట్టించుకునే రైతులు, వాన సూచన ఉన్న రాత్రి మందను బయట ఉంచమని పట్టుబట్టవద్దు. మందతో పాటు కాపరి కూడా ఆ రాత్రి బయటే ఉంటాడని గుర్తుంచుకోండి.

పాడి పశువులు, కోళ్లు

బర్రెలకు గోనెపట్టా కప్పి నడుముకు తాడుతో కట్టండి. పట్టా తడిస్తే వెంటనే తీసేయాలి, తడి పట్టా కన్నా ఖాళీ ఒళ్లే మేలు. పశువులను మధ్యాహ్నపు ఎండలోనే కడగండి. తెల్లవారి తొట్టిలో నిలిచిన చన్నీళ్లకు బదులు బోరు నుంచి అప్పుడే తోడిన నీళ్లు పెడితే అవి గోరువెచ్చగా ఉంటాయి. చన్నీళ్లకు జంకి పశువు నీళ్లు తక్కువ తాగితే పాలు కూడా తగ్గుతాయి. దూడలను తల్లి దగ్గరి తడి నేల మీద కాకుండా ఎత్తైన పొడి చోట కట్టండి. కోడిపిల్లల గంపకు గోనె కప్పి, లోపల ఊక పరవండి. అవి ఒకదాని మీద ఒకటి ఎక్కి గుంపుగా ముడుచుకుంటే వేడి చాలడం లేదని అర్థం.

కొట్టంలో నెగడు వేసేవాళ్లు గడ్డివాముకు, దడికి దూరంగా వేయాలి. మనిషి కావలి లేకుండా నిప్పు వదలవద్దు. చలికి తప్పించుకున్న మంద నిప్పుకు చిక్కితే ఎవరేం చేయగలరు?

యాసంగి తుకం, పైర్లు

రాత్రి ఉష్ణోగ్రత 12 డిగ్రీల కన్నా తగ్గితే వరినారు ఎదుగుదల ఆగుతుంది. ఆకులు పసుపుగా, ఎర్రగా మారి, కొన్ని మడుల్లో మొలకే కుళ్లిపోతుంది. నారు చచ్చిందంటే విత్తనం ఖర్చుతో పాటు అదను కూడా పోతుంది. ఆలస్యంగా నాటిన వరి ఎండలు ముదిరిన తర్వాత పూతకు వచ్చి తాలు ఎక్కువ పోతుంది.

* విత్తనాన్ని 24 గంటలు నానబెట్టి, గోనె సంచుల్లో కట్టి పైన గడ్డి కప్పి మండె కట్టండి. చలిలో మొలక రావడానికి 36 నుంచి 48 గంటలు పడుతుంది. మొలక సరిగా రాని విత్తనాన్ని తొందరపడి చల్లవద్దు.

* ఎకరం నాటుకు రెండు గుంటల నారుమడి కావాలి. దానికి మామూలుగా 1 కిలో భాస్వరం సరిపోతుంది. చలి ఎక్కువ ఉన్న చోట రెట్టింపు, అంటే 2 కిలోలు వేయాలి. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ రూపంలో అది సుమారు 12.5 కిలోలు. చలిలో వేరు భాస్వరాన్ని సరిగా తీసుకోలేదు కనుకనే ఈ రెట్టింపు. బాగా మాగిన పశువుల ఎరువు వేస్తే మడి కొంత వెచ్చగా ఉంటుంది.

* సాయంత్రం మడికి నీరు పెట్టి, తెల్లవారి ఆ చల్లటి నీటిని తీసేసి కొత్త నీరు పెట్టండి. నీరు మట్టి కన్నా మెల్లగా చల్లబడుతుంది కాబట్టి రాత్రి నారుకు కాపుదల.

* మడి మీద కర్రలు వంచి పాతి, సాయంత్రం పాలిథిన్ పట్టా గాని కుట్టిన యూరియా సంచులు గాని కప్పండి. పట్టా నారుకు తగలకూడదు. పొద్దున ఎండ రాగానే తీసేయాలి, లేకుంటే లోపల ఆవిరి పట్టి తెగులు వస్తుంది.

* నారు ఎర్రబడిందని వెంటనే యూరియా గుప్పవద్దు. చలిలో నారు దాన్ని తీసుకోదు. ఆకుల మీద తుప్పు రంగు మచ్చలుంటే జింకు లోపం. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేట్ కలిపి పిచికారి చేయండి. మొలక కుళ్లు కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాముల కార్బెండజిమ్, మాంకోజెబ్ కలిసిన మందును చల్లండి.

రాత్రి చలి, పగలు మబ్బు, ఆకుల మీద మంచు నిలిచే రోజుల్లో వరికి అగ్గితెగులు వస్తుంది. నూలుకండె ఆకారపు మచ్చలు కనిపించగానే లీటరు నీటికి 0.6 గ్రాముల ట్రైసైక్లజోల్ చల్లి, యూరియా వేయడం ఆపండి. మొక్కజొన్న లేత ఆకులు ఊదా రంగుకు తిరిగితే చలికి భాస్వరం అందడం లేదని అర్థం. 19-19-19 ఎరువును లీటరుకు 5 గ్రాముల చొప్పున ఆకుల మీద చల్లితే తేరుకుంటుంది. మామిడి పూత మీద బూడిద తెగులు కనిపిస్తే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు చాలు.

ఇంట్లో మనుషుల సంగతి

మంద గురించి ఇంత చెప్పాక మనిషి గురించి చెప్పకుంటే తప్పు. రాత్రి బాయికాడ మోటరు దగ్గర పడుకునే రైతు, ఒంటరిగా గుడిసెలో ఉండే ముసలమ్మ, ఇటుక బట్టీల కాడ రేకుల కింద పిల్లలతో ఉండే కూలీలు, మందతో తిరిగే కాపరి, వీళ్లే ముందు దెబ్బ తినేది.

చలి దెబ్బ తగిలిన మనిషి ముందు వణుకుతాడు. తర్వాత మాట తడబడుతుంది, మగతగా ఉంటాడు. వణుకు ఆగిపోయి మత్తుగా పడుకుంటే ‘నిద్ర పట్టింది’ అనుకోవద్దు, అది ప్రాణం మీదికి వచ్చిన గుర్తు. తడి బట్టలు తీసి, పొడి బట్టలు, గొంగడి కప్పి, గాలి తగలని చోటికి చేర్చాలి. తెలివిలో ఉంటే వేడి చక్కెర పాలో టీయో తాగించాలి. సారా, కల్లు తాగిస్తే వెచ్చబడతాడనుకోవడం పొరపాటు. తాగితే వెచ్చగా అనిపిస్తుంది గాని లోపలి వేడి ఇంకా త్వరగా బయటికి పోతుంది. వెంటనే 108కి ఫోన్ చేయండి.

తలుపులు బిగించుకొని లోపల బొగ్గుల కుంపటి పెట్టుకొని పడుకోవద్దు. దాని నుంచి వచ్చే విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. పడుకున్నవాళ్లు పడుకున్నట్టే పోతారు. పుట్టిన బిడ్డకు మొదటి రోజు నీళ్లు పోయకుండా, తుడిచి, తల్లి ఒంటికి ఆనించి ఉంచండి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు మందులు మానకూడదు, ఎండ రాకముందే చేనుకు పోకూడదు.

గొంగడిని పాతబడ్డదని పారేయకండి. పత్తి దుప్పటి తడిస్తే వెచ్చదనం పోతుంది. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది. మన కురుమలు తరతరాలుగా దాన్నే కప్పుకొని మంద వెంట తిరిగింది ఊరికే కాదు.

ఊరు చేయాల్సిన పని

ఇప్పటి దాకా చెప్పినవి ఇంటింటి పనులు. కానీ పట్టాలు కొనలేని ఇల్లు, దొడ్డి లేని కాపరి, ఫోన్ లేని ముసలమ్మ ఊళ్లో ఉంటారు. అక్కడే ఊరి పని మొదలవుతుంది.

హెచ్చరిక చెవిన పడడం ఎంత పెద్ద సంగతో మన తెలుగు నేలకు బాగా తెలుసు. 1977 నవంబర్ 19 నాటి దివిసీమ ఉప్పెనలో వేల మంది కొట్టుకుపోయారు. 1990 మేలో అదే కోస్తాను అంత గట్టి తుపానే కొట్టింది. ఈసారి ముందే హెచ్చరించి లక్షల మందిని తరలించడంతో మరణాలు వెయ్యి లోపు ఉన్నాయి. గాలి వేగం తగ్గలేదు, తయారీ పెరిగింది.

ఇప్పుడు వాతావరణ శాఖ రంగులతో హెచ్చరికలు ఇస్తున్నది. ఆకుపచ్చ అంటే చింత లేదు. పసుపు అంటే గమనిస్తూ ఉండాలి. నారింజ అంటే సిద్ధం కావాలి. ఎరుపు అంటే వెంటనే పనిలోకి దిగాలి. ఈ రంగులకు తగ్గట్టు మన ఊళ్లో ఎవరు ఏం చేయాలో ముందే రాసి పంచాయతీ గోడకు అంటించండి.

* జాబితా: ఒంటరి వృద్ధులు, బాలింతలు, చంటిపిల్లలు, గుడిసెల్లో ఉండేవాళ్లు, బట్టీ కూలీలు, మందల కాపరులు. ఆశ కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు కూర్చుంటే ఒక్క పూటలో తయారవుతుంది. ఒక్కో ఇంటికి ఒక పొరుగు మనిషి పేరు రాయండి. నారింజ హెచ్చరిక వస్తే ఆ మనిషి రాత్రీ పొద్దునా తలుపు తట్టాలి.

* పొడి చోటు: దొడ్డి లేని మందలకు ఖాళీ గోదాము, మిల్లు షెడ్డు, వాడని పశువుల కొట్టం ఏది ఇవ్వవచ్చో యజమానిని ముందే అడిగి ఒప్పించండి. వాన పడుతుండగా తాళంచెవి కోసం వెతుకుతూ తిరిగితే లాభం లేదు. మనుషులకు బడి, పంచాయతీ భవనం, రైతు వేదిక వాడుకోవచ్చు.

* చాటింపు: ఫోన్‌లో పంపాం గదా అని ఊరుకోవద్దు. గుడి మైకు, మసీదు మైకు, డప్పు చాటింపు అన్నీ వాడండి. తండాలకు మనిషిని పంపండి.

* పట్టాలు, గడ్డి: పది రైతులు కలిసి పట్టాలు కొని పంచాయతీలో ఉంచితే ఎవరికి అవసరమైతే వాళ్లు తీసుకుంటారు. గడ్డివాములు ఉన్నవాళ్లు తలా ఒక మోపు ముందే ఇస్తే ఊరికి ఒక అత్యవసర గడ్డివాము తయారవుతుంది.

* నంబర్లు: 108, పశువుల అంబులెన్సు కోసం 1962, కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551, మండల పశువైద్యశాల, విద్యుత్ సిబ్బంది నంబర్లు గోడ మీద రాయించండి. ఆపద రాకముందే ఒకసారి చేసి పలుకుతున్నాయో లేదో చూసుకోండి.

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లాలో ఈ బాధ్యత కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా విపత్తు నిర్వహణ సంస్థది. ఊరి తయారీ పత్రం ఒక నకలు తహసీల్దారుకు ఇవ్వండి. గ్రామసభలో తీర్మానం చేసి పంపితే అడిగే హక్కు కూడా బలపడుతుంది.

నష్టం జరిగితే

మంచు, శీతల గాలులు కేంద్ర ప్రభుత్వం గుర్తించిన విపత్తుల జాబితాలో ఉన్నాయి. తుపాను కూడా ఉన్నది. 2022-23 నుంచి 2025-26 వరకు అమలుకు కేంద్రం ఇచ్చిన నిబంధనల్లో మనిషి చనిపోతే కుటుంబానికి 4 లక్షలు, పాడి బర్రె లేదా ఆవుకు 37,500, గొర్రె లేదా మేకకు 4,000 రూపాయలు చొప్పున ఉన్నాయి. ఒక కుటుంబానికి పెద్ద పాడి పశువులు 3, చిన్న జీవాలు 30 వరకే లెక్క. పంట 33 శాతం, అంతకు మించి పోతే హెక్టారుకు వర్షాధారానికి 8,500, సాగునీటి పంటకు 17,000 రూపాయలు. ఆ గడువు తర్వాతి రేట్లు తహసీల్దారు ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

ఈ సాయం తనంతట రాదు. చనిపోయిన జీవాన్ని పాతిపెట్టక ముందే పశువైద్యుడికి, పంచాయతీ కార్యదర్శికి కబురు చేయండి. ఫోటో తీయండి, చెవి పోగు ఉంటే భద్రపరచండి, పంచనామా రాయించుకోండి. బీమా ఉన్నవాళ్లకు కూడా ఇవే కాగితాలు కావాలి. ముక్కు, నోరు, వెనక నుంచి నల్లటి రక్తం కారిన జీవాన్ని మాత్రం కోయవద్దు, తోలు తీయవద్దు. అది దొమ్మ రోగం కావచ్చు, మనుషులకు అంటుతుంది. చలికి చచ్చిన జీవాల మాంసాన్ని తక్కువ ధరకు అమ్మడం, కొనడం రెండూ మానండి.

ఊళ్లో కూర్చొని మాట్లాడుకోండి

ఈ పాఠం చదివి పక్కన పెట్టకుండా, ఈ వారంలో ఒక పూట రైతు వేదికలో గాని రచ్చకట్ట మీద గాని పది మంది కూర్చోండి. ఈ ప్రశ్నలకు జవాబులు రాసుకోండి:

1. మన ఊళ్లో గాలివాటు ఆపే దడి లేని దొడ్లు ఎన్ని?

2. నాలుగు రోజులు వాన పడితే ఏ మందకు మేత లేదు?

3. చెరువు కింద పల్లపు మడుల్లో తుకం పోసినవాళ్లు ఎవరు, వాళ్లకు పట్టాలున్నాయా?

4. రాత్రి పదింటికి హెచ్చరిక వస్తే ఊరి చివరి ఇంటికి ఎవరు పోయి చెప్పాలి?

5. చలి రాత్రి తలుపు తట్టాల్సిన ఒంటరి ముసలివాళ్లు ఏ ఇళ్లలో ఉన్నారు?

వీటిలో ఏ ఒక్కదానికి జవాబు దొరకకపోయినా, ఈ యేడు మన ఊరి పని అక్కడి నుంచే మొదలుపెట్టాలి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. అది పోయేనాటికి మంద లెక్క తగ్గకుండా, నారుమడి ఎర్రబడకుండా, ఊళ్లో ఏ ముసలమ్మా చలికి ముడుచుకుపోకుండా ఉంటే ఈ తయారీకి పెట్టిన ఖర్చు, పట్టిన శ్రమ దక్కినట్టే.